జోడుతాళ్ల వీధిలో మూడో చలానా

నమోదు 1. మంగళవారం

పొద్దున్నే బాకాలు తోముకుంటూ కూర్చున్నాను. ఈ ఉప్పుగాలికి ఇత్తడి ఇట్టే నల్లబడుతుంది. చింతపండు పెట్టి రుద్దితే గానీ మెరవదు. రేపు ఊళ్లో ఇంకో తెప్ప మీద పెళ్లి. మెరవని బాకా పట్టుకుని పెళ్లికి వెళ్లడమంటే నా మటుకు నాకు చిరిగిన చీరతో వెళ్లడమే.

అప్పుడు మా బ్యాండు మేళం బండి నోరు విప్పింది. రోజూ పొద్దున్న అది చెప్పే మాట ఒక్కటే: "బండి తన చోటులో ఉంది." ఈ ఊళ్లో నంబరున్న ప్రతి బండీ అలాగే చెబుతుంది. ఎవరూ వినిపించుకోరు. ఇవాళ మాత్రం అద్దం మీద ఎర్రక్షరాలు వెలిగించి, "బండి తన చోటులో లేదు. ఆసుపత్రి గుమ్మానికి అడ్డంగా ఉంది. పార్కింగ్ చలానా, మూడోది," అంది.

లేచి చూశాను. బండి ఎక్కడుండాలో అక్కడే ఉంది. వీధికి ఈ చివర, పసుపు గీతల మధ్య, మా నాన్న నిలిపిన చోటే. ఆసుపత్రి గది ఆ చివర ఉంది. ఇక్కణ్ణుంచి మామూలుగా పిలిస్తే నర్సుకి వినపడదు. గుమ్మానికి అడ్డమట!

కదిలింది బండి కాదు, వీధి. నిన్న సాయంత్రం తూర్పుగాలి లేచింది. మా ఊరు కొత్తరేవులో వీధికొక తెప్ప, అన్నీ నీళ్ల మీద తేలేవే. మాదే చివరి తెప్ప, దాని తర్వాత అంతా సముద్రమే. ఇళ్లన్నీ ఒకటే వరస, గుమ్మాలన్నీ ఒకటే వైపు. గుమ్మాలు తూర్పున ఉండగా తూర్పుగాలి లేచిందంటే అల నేరుగా వంటింట్లోకి వచ్చేస్తుంది. అందుకని వంతెన తాళ్లు విప్పుకుని, ఇంటికొక గెడ పట్టుకుని, నడిమి ఇరుసు చుట్టూ వీధి మొత్తాన్ని సగం తిప్పేస్తాం. పడమటిగాలి వచ్చాక మళ్లీ వెనక్కి తిప్పుకుంటాం. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఇన్నాళ్లూ బండ్లు చూడ్డానికి ఒక మనిషి వచ్చేవాడు. వీధి ఎటు తిరిగి ఉందో చూసి, టీ తాగి పోయేవాడు. ఈ ఏడాది ఆయన్ని తీసేసి ఆకాశంలో ఒక కన్ను పెట్టారు. దానికి ఇళ్లు కనపడవు, నంబరున్న బండ్లే కనపడతాయి. మా వీధిలో నంబరున్న బండి నాదొక్కటే. పటంలో ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు నా బండి ఉంది. నా బండి ఉండాల్సిన చోట ఆసుపత్రి ఉంది. ఆసుపత్రికి చలానా వెయ్యరు కదా, నాకేశారు.

మొదటి రెండూ గొడవెందుకని ఒప్పేసుకున్నాను. మూడోది ఒప్పుకుంటే బండి ఇక వీధిలో ఉండడానికి లేదు. ఊరి అవతల బందెలదొడ్డికి పోతుంది, శాశ్వతంగా.

అద్దం మీద రెండు బొత్తాలు వెలుగుతున్నాయి. "ఒప్పుకుంటాను", "ఒప్పుకోను". శుక్రవారం లోపల ఏదో ఒకటి నొక్కాలి. నాకు ఒళ్లు మండి రెండిటి మీదా చింతపండు పులిమేశాను.

నమోదు 2. బుధవారం

పెళ్లి బాగా జరిగింది. పెళ్లికొడుకు మేనమామ మా పాట కంటే పెద్ద గొంతుతో అరిచాడు గానీ, అది ప్రతి పెళ్లిలోనూ ఉండేదే.

మా ఆయన బుల్లబ్బాయి క్లారినెట్ వాయిస్తాడు. పక్కింటి కుక్కతో కూడా గొడవపడడు. తిరిగొస్తుంటే దారిలో నాకు నచ్చజెప్పడం మొదలుపెట్టాడు.

"తాయారూ, ఒప్పేసుకోవే. రెండు ఒప్పుకున్నావు, మూడోదానికేటి కొత్త రోషం?"

"రెండుసార్లు కాలు తొక్కినోడు మూడోసారి నెత్తి మీద కూర్చుంటానంటే ఊరుకుంటారేటండీ?"

"ఊరుకోవే. బండి పోతే బాకాలు భుజాన ఏసుకుని పోదాం. నా క్లారినెట్ ఎంత బరువని?"

"మీ క్లారినెట్ బరువు కాదు. పెద్ద డ్రమ్ము ఎవరు మోస్తారు?"

మా పెద్ద డ్రమ్ము పాత ఓడలోని నీళ్ల ట్యాంకుకి తోలు బిగించి మా నాన్న చేసింది. బండికే అతికించేశాడు. బండీ డ్రమ్మూ వేరు కావు.

మా బండి ఉప్పుకొట్ల వీధి మీంచే రావాలి. అక్కడికి రాగానే బుల్లబ్బాయి వేలు చూపించాడు. నాకు చూపించక్కర్లేదు. ఆ వీధివాళ్లూ మాలాగే తిప్పుకునేవాళ్లు. నిరుడు ఇంజినీరు ఆఫీసుకి వెళ్లి, మా వీధి మేమే తిప్పుకుంటాం, అనుమతి ఇవ్వండని అడిగారు. అనుమతి లేకుండా ఇన్నాళ్లూ తిప్పారా అని ఆఫీసువాళ్లు మండిపడి, వీధి ఇక తిరక్కుండా దాని అవతలి తెప్పకి ఇనప రేకులేసి బోల్టులు బిగించేశారు. ఇప్పుడు తూర్పుగాలి వస్తే ఆ ఇళ్లలోకి నీళ్లే. మంచాలు తాళ్లతో పైకప్పుకి కట్టుకున్నారు. ఒక ముసలాయన గుమ్మంలో కూర్చుని చేటతో నీళ్లు తోడిపోస్తున్నాడు. మా బాకాలు చూసి నవ్వి చెయ్యి ఊపాడు.

"చూశావా? నిజం చెబితే ఏమవుద్దో!" అన్నాడు బుల్లబ్బాయి.

చూశాను. చలానా ఒప్పుకోనంటే, ఎందుకని అడుగుతారు. వీధి తిరిగింది అని చెప్పాలి. చెబితే మాకూ బోల్టులే.

నమోదు 3. గురువారం

మధ్యాహ్నానికి పడమటిగాలి అందుకుంది. వీధిని వెనక్కి తిప్పే పని పడింది. తిప్పడానికి ముందు అందరం నడిమి ఇరుసు దగ్గర చేరాం. సూరాయమ్మ పిన్ని గెడ నేలకి ఆనించి నిలబడింది. తిప్పుడు పెత్తనమంతా ఆవిడదే. ఆవిడ మాటంటే మాకు గౌరవం, గొంతంటే భయం.

"తాయారూ, నువ్వు ఒప్పేసుకో," అంది. "నీకన్నేయం జరిగింది, కాదన్ను. నువ్వు నోరిప్పేవంటే ఈదికి రేకులు కొట్టేత్తారు. పసిపిల్లలున్న కొంపలు. ఒక బండి కోసం ఇంతమందిని ముంచుతావా?"

"బండి పోతే డ్రమ్ము పోద్ది పిన్నీ. డ్రమ్ము దెబ్బ లేకుండా అందరూ ఒక్కసారి ఎలా తోస్తారు?"

"నీ వాయింపు రికార్డు చేసుకుందాం. స్పీకర్లో పెడదాం. ఇయ్యాలే పరీచ్చ చేసి సూద్దాం."

అందరూ సరేనన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా డ్రమ్ము వాయించి ఇచ్చాను. రోషంతో కావాలని చెడగొట్టి వాయించొచ్చు, చేతులు ఒప్పుకోలేదు.

మా తెప్ప కింద పాత ఊరు మునిగి ఉంది. నీళ్లు లోతు తక్కువ. గెడలు ఆ ఊరి డాబాల మీదే ఆనుతాయి. ఎవరి డాబా మీద గెడ ఆనిస్తే వాళ్ల పేరు పెట్టి కేకెయ్యాలి. పోయినవాళ్లయినా సరే, అడక్కుండా ఒకరింటి మీద బరువు వెయ్యకూడదని పెద్దవాళ్లు పెట్టిన ఆచారం. "మట్టా వారి డాబా!" "పంపన వారి డాబా!" "బడి!" అని ఒక్కో గెడ దగ్గర్నుంచీ కేక వస్తుంది. చివరి కేక విన్నాకే నేను దెబ్బ వేస్తాను. ఆ దెబ్బకి అందరూ ఒక్కసారి తోస్తారు.

స్పీకరు కేకలు వినదు కదా. అది తన మానాన తాను వాయించుకుపోయింది. సగం మంది ఇంకా గెడ ఆనించకముందే దెబ్బ పడింది. ఈ చివర తోశారు, ఆ చివర తొయ్యలేదు. వీధి నడిమిన మెలిపడి కిర్రుమంది. వంటిళ్లలో పాలగిన్నెలు బోర్లపడ్డాయి. ఆసుపత్రి కిటికీ తలుపు ఊడి నీళ్లలో పడింది. పిన్ని, "ఆపండహే! ఆ మాయదారి పెట్టె నోరు నొక్కండి!" అని అరిచింది.

వీధి సగంలో ఆగిపోయింది. ఎవరూ నా వైపు చూడ్డం లేదు. నేను బండెక్కి కర్రలు చేతిలోకి తీసుకుని, "ఎయ్యండి కేకలు," అన్నాను. కేకలేశారు. కాసేపటికి వీధి మెల్లగా, చక్కగా తన చోటుకి వచ్చి ఆగింది.

"బండి తన చోటులో ఉంది," అంది బండి. దాన్ని చెంప మీద ఒక్కటి పీకాలనిపించింది.

నమోదు 4. శుక్రవారం

పొద్దున్న సూరాయమ్మ పిన్ని తనే వచ్చింది. చేతిలో మా ఇంటికి రావాల్సిన పాలు. నిన్న ఆవిడ వంటింట్లో బోర్లపడ్డవి మా వాటా పాలేనట.

"రాత్రంతా ఆలోసించేనే," అంది. "ఒప్పుకుంటే డ్రమ్ము పోద్ది. ఒప్పుకోకపోతే రేకులు పడతాయి. ఎటైనా మునగడమే. అలాంటప్పుడు తల దించుకుని మునగడం దేనికి?"

"అయితే నొక్కెయ్యమంటావా?"

"నొక్కు. కానీ తిప్పుడు మాట నీ నోటెంట రాకూడదు. బండి దాని చోట్లోనే ఉందని చెప్పు. అది నిజమే కదా!"

మాటిచ్చాను. అద్దం మీద ఎండిన చింతపండు గోకి "ఒప్పుకోను" నొక్కాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బుల్లబ్బాయి మాత్రం గోడకి చేరగిలబడి దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

వెంటనే అద్దంలోంచి ఒక మనిషి గొంతు పలికింది. ఏ యంత్రమో మాట్లాడుతుందనుకున్నాను.

"మంగతాయారు గారా? నేను విచారణాధికారి హైమవతిని. మీరొక్కరే ఒప్పుకోనన్నారండీ. ఈ కన్ను పెట్టాక ఎవరూ ఇంతవరకు ఆ బొత్తాం నొక్కలేదు. కారణం చెబుతారా?"

"నా బండి దాని చోట్లోనే ఉందండి."

"పటం వేరేలా చెబుతోంది కదండీ?"

"పటం ఎప్పుడైనా మా ఈదికి వచ్చిందేటండి?"

అవతల ఆవిడ ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది. తర్వాత, "నిజమే. నేను వస్తాను. సోమవారం," అంది.

బుల్లబ్బాయి నా కేసి చూసి, "పిలిచి మరీ తెచ్చుకున్నావు కదే!" అన్నాడు.

నమోదు 5. సోమవారం

వీధంతా నిన్ననే మాట అనుకుంది. ఆవిడ వచ్చి వెళ్లేదాకా వీధి కదలకూడదు, గెడలు కనపడకూడదు. గెడలన్నిటినీ మంచాల కిందకి తోశాం. గుమ్మాలు తూర్పుకే ఉన్నాయి, పటంలో ఉన్నట్టే. నా బండి పసుపు గీతల మధ్య బుద్ధిగా ఉంది.

హైమవతి గారు నీళ్ల మీదా నేల మీదా నడిచే తెల్ల నీటికారులో వచ్చారు. నా బండి పక్కన, చూడవచ్చేవాళ్ల కోసం గీసిన చోట గీతకి సరిగ్గా ఆపారు. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. కారు "బండి తన చోటులో ఉంది," అంటే, "తెలుసులే," అన్నారు. దాంతో నాకావిడ నచ్చేశారు. అదే చిక్కయింది. నచ్చిన మనిషికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూశారు. ఆసుపత్రి గదిలో మట్టా వారి కోడలు నిన్న పుట్టిన పిల్లని పక్కలో వేసుకుని పడుకుంది. కిటికీకి తలుపు లేదు, గోనెపట్టా కట్టాం.

"ఇంత దూరంలో ఉన్న బండి ఇక్కడ ఎలా కనపడిందండీ?" అన్నారు హైమవతి గారు.

"అదే నేనూ అడుగుతున్నానండి," అన్నాను. పిన్ని వెనకనుంచి నా నడుం మీద గిల్లింది.

అప్పుడు గోనెపట్టా లోపలికి ఉబ్బింది.

తూర్పుగాలి. రావాల్సిన కాలం కాదు, అయినా వచ్చింది. సముద్రం మీద నల్లటి గీత ఒకటి లేచి మా వైపే వస్తోంది. మొదటి అల గుమ్మాల ముందు విరిగింది. రెండోది ఆసుపత్రి గడప దాటి మంచం కాళ్ల దాకా వచ్చింది. మట్టా వారి కోడలు పిల్లని గుండెకి హత్తుకుని లేచి కూర్చుంది.

పిన్ని నన్ను చూసింది. నేను పిన్నిని చూశాను. వీధంతా మమ్మల్నిద్దర్నీ చూస్తోంది. కదలకూడదని మాట ఇచ్చాను. ఇచ్చిన మాట మీద కోపం వచ్చింది, భయపడి ఇచ్చిన మాట అది.

"పిన్నీ, నా వల్ల కాదు. మూడో అల మంచం మీదకే వస్తాది," అన్నాను. ఎదురు చూడకుండా వీధి చివరిదాకా పరిగెత్తి, బండెక్కి, డ్రమ్ము మీద పిలుపు దెబ్బలు వేశాను.

వెనకాల పిన్ని గొంతు ఖంగుమంది. "ఏటలా సూత్తారు! గెడలు తియ్యండి!"

మంచాల కింద నుంచి గెడలు బయటికి వచ్చాయి. వంతెన తాళ్లు విప్పారు. హైమవతి గారు నడివీధిలో కళ్లప్పగించి నిలబడిపోయారు. పిన్ని ఆవిడ చేతిలో ఒక గెడ పెట్టింది.

"కాళీగా నిలబడకండమ్మా, పట్టుకోండి."

"నేనా? దీన్ని... ఎక్కడ ఆనించాలండీ? నాకిక్కడ డాబా..." ఆవిడ అప్పటికే కేకలు వింటున్నారు, సంగతి కొంత పట్టేశారు.

"బడి డాబా మీద ఆనించండి. ఇదిగో, ఇక్కడే. బడి అందరిదీ కదమ్మా. ఆనగానే కేకెయ్యండి."

"మట్టా వారి డాబా!" "పంపన వారి డాబా!" "నడిమింటి వారి డాబా!" ఒక్కో కేకా గాలిలో చిరుగుతూ వస్తోంది. నేను చెవులు రిక్కించి లెక్క చూసుకుంటున్నాను. ఒక్కటే తక్కువ. చెయ్యి ఎత్తి పట్టుకుని ఆగాను. అల లేస్తోంది, బుల్లబ్బాయి "తాయారూ!" అంటున్నాడు, అయినా ఆగాను.

"బడి!" అని సన్నటి గొంతు వినపడింది. బెదురు గొంతే గానీ గట్టిగా వచ్చింది.

దెబ్బ వేశాను. వీధి కదిలింది.

మూడో అల వచ్చేసరికి మా గోడలు దానికి వీపు చూపించాయి. కొట్టుకుని, నురగై, పక్కలకి పోయింది. ఇంకా కొన్ని దెబ్బలు, ఇంకా కొన్ని కేకలు. చివర్లో బడి కేక అందరికంటే ముందే వస్తోంది. వీధి సగం తిరిగి ఆగింది. గుమ్మాల ముందు నీళ్లు చెరువులా ఉన్నాయి. ఆసుపత్రిలో పసిపిల్ల ఏడుపు మొదలెట్టింది, చాలా ఆరోగ్యమైన ఏడుపు.

హైమవతి గారు తడిసి ముద్దై, గెడ పట్టుకుని రొప్పుతూ నా దగ్గరకి వచ్చారు. ఇక అంతా అయిపోయింది, బోల్టులు ఖాయం అనుకున్నాను. ఆవిడ నోరు తెరిచేలోపు ఆవిడ కారు నోరు తెరిచింది.

"బండి తన చోటులో లేదు. ఆసుపత్రి గుమ్మానికి అడ్డంగా ఉంది. పార్కింగ్ చలానా, మొదటిది."

నా బండిది విచారణలో ఉంది కాబట్టి అది నోరెత్తలేదు. హైమవతి గారు కారు చూశారు, కింద గీతలు చూశారు, వీధి ఆ చివరన ఉన్న ఆసుపత్రి చూశారు.

"నేను దీన్ని గీత మీదే ఆపాను!" అన్నారు, అచ్చం నాకొచ్చినంత కోపంతో.

"తెలుసండి," అన్నాను.

మొదట నవ్వింది సూరాయమ్మ పిన్ని. తర్వాత వీధంతా. హైమవతి గారు కాసేపు బిగబట్టుకుని, ఇక ఆపుకోలేక గెడ మీద వాలిపోయి నవ్వారు.

మా ఇంట్లో టీ తాగుతూ అన్నీ అడిగారు. అన్నీ చెప్పాను. ఈసారి పిన్ని గిల్లలేదు. తనే మధ్యమధ్యలో అందుకుని చెప్పింది. ఉప్పుకొట్ల వీధి సంగతి కూడా.

నమోదు 6. ఆదివారం

తీర్పు మొన్న వచ్చింది. బండి అద్దం మీద పచ్చక్షరాలతో. బుల్లబ్బాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను, నాకు రాక కాదు, వినడానికి బాగుందని.

మూడు చలానాలూ కొట్టేశారు. తేలే వీధుల్లో బండి చోటుని ఇకమీద ఆకాశం నుంచి కొలవరు, వీధి నడిమి ఇరుసు నుంచి కొలుస్తారు. గాలిని బట్టి వీధిని తిప్పుకోవడం ఆ వీధివాళ్ల హక్కు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉప్పుకొట్ల వీధి బోల్టులు విప్పాలి.

తన చలానా మీద హైమవతి గారు తానే తీర్పు చెప్పుకోకూడదట. ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నానని నాతో అన్నారు. "ఆలోచనేటండి, ఒప్పుకోనని నొక్కెయ్యండి. సాక్ష్యానికి నేనొస్తాను," అన్నాను. నొక్కేశారు. రేపు నా సాక్ష్యం. పట్టుచీర తీసి పెట్టుకున్నాను.

ఇవాళ ఉప్పుకొట్ల వీధికి వెళ్లాం. బోల్టులు బిగించి ఏడాదే అయింది కాబట్టి వాళ్లకి గెడ అలవాటు పోలేదనుకున్నాం. కానీ వాళ్లకి డ్రమ్ము లేదు, ఉన్నది నిరుడు నీళ్లలో పాడైపోయింది. అందుకని మా బండినే వాళ్ల వీధిలోకి ఎక్కించి, చూడవచ్చేవాళ్ల గీతల మధ్య నిలబెట్టాం. చేటతో నీళ్లు తోడిన ముసలాయన అందరికంటే పెద్ద గెడ తీసుకున్నాడు. ఎవరు చెప్పినా వినలేదు.

బుల్లబ్బాయి క్లారినెట్ మీద పెళ్లి పాట అందుకున్నాడు. పక్క వీధులవాళ్లు వంతెనల మీద బారులు తీరారు. ఆ వీధి డాబాల పేర్లు నాకు తెలియవు. ఒక్కో పేరూ కొత్తగా వింటూ, ఒక్కొక్కరి కోసం ఆగుతూ వాయించాను. ముసలాయన కేక అన్నిటికన్నా చివర వచ్చింది. తన పేరే పెట్టి కేకేశాడు. ఆ డాబా ఆయనదే.

దెబ్బ వేశాను. ఏడాదిగా బిగుసుకుపోయి ఉన్న వీధి కిర్రుమని, మెల్లగా, ఆ తర్వాత హుషారుగా తిరిగింది. గుమ్మాల్లోంచి అలలు పోయి ఎండ వచ్చింది. లోపల ఎవరో మంచం తాళ్లు కోసి కిందకి దింపుతున్న చప్పుడు వినపడింది. ముసలాయన గెడ పారేసి గుమ్మంలో ఎండలో కూర్చున్నాడు, చేట పక్కనే బోర్లించి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వీధి పూర్తిగా తిరిగి ఆగాక బండి అద్దం వెలిగింది. అందరం అటే చూశాం. బుల్లబ్బాయి క్లారినెట్ నోట్లోంచి తియ్యడం కూడా మర్చిపోయాడు.

"బండి తన చోటులో ఉంది," అంది బండి.